విగాన్ మగ్గం నుంచి స్టాక్టన్ దాకా

ఏమర్రా, అంత దూరంగా కూర్చుంటే నా గొంతు వినపడదు, ఇటు జరగండి. చిన్నా, పొయ్యిలో ఇంకో కట్టె వెయ్యి నాన్నా. అమ్మలూ, నువ్వు ఆ దుప్పటి కప్పుకో. ఇవాళ చెప్పబోయే దాంట్లో దానికీ పాత్ర ఉంది.

నిన్నటితో మీ అమ్మ వైపు ముచ్చట్లు అయిపోయాయి. కాకినాడ రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్ళిన మా పెదతాతగారి సంగతీ, అక్కడ బియ్యం మిల్లులో ఆయన మోసిన బస్తాల సంగతీ చెప్పేశాను. ఇవాళ మీ నాన్న వైపు, ఫిలిప్పీన్స్ ముచ్చట్లు. ఇవన్నీ మీ లోలా, అదే మీ నాయనమ్మ, నోట విన్నవి. మేం వియ్యమందిన కొత్తలో ఇద్దరికీ ఏం మాట్లాడుకోవాలో తెలిసేది కాదు. ఓరోజు ఆవిడ పెరట్లో కూర్చుని మునగాకు దూస్తోంది. రెబ్బ కొస రెండు వేళ్ళతో పట్టుకుని వెనక్కి ఒక్క లాగు లాగితే ఆకంతా గిన్నెలో, ఈనె చేతిలో. మా అమ్మ దూసింది కూడా అలాగే. ఆవిడ ఆ ఆకుని పెసలతో ఉడికించి, ఉప్పులో ఊరిన చేపల బాగూంగ్ కలుపుతుంది. నేను పెసరపప్పులో వేసి ఇంగువ తిరగమోత పెడతాను. ఆ పూట నేనూ పక్కన కూర్చుని చెయ్యేశాను. నేను "వదినగారూ" అన్నాను, ఆవిడ వాళ్ళ ఇలోకానో పద్ధతిలో, అక్క అనే అర్థంలో, "మనాంగ్" అంది. అప్పట్నుంచి ఆకు దూసిన ప్రతిసారీ ఒక తరం కథ బయటికొచ్చింది.

ముందు మీ ఇంటిపేరు సంగతి చెబుతాను, ఎందుకంటే అందరూ అక్కడే తప్పటడుగు వేశారు.

మీ లోలో, అంటే మీ తాత, బతికున్న రోజుల్లో క్రిస్మస్‌కి చుట్టాలంతా చేరితే ఒక మాట తప్పకుండా వచ్చేదట. మనది స్పానిష్ ఇంటిపేరు, మన మూలపురుషుడు స్పెయిన్ నుంచి వచ్చిన కెప్టెన్, గుర్రమెక్కి మన ఊరు విగాన్ వీధుల్లో తిరిగేవాడు, ఈ పేరు ఆయనదే అని. కోటేరులాంటి ముక్కుతో ఎవరికైనా పిల్ల పుడితే చాలు, కెప్టెన్ పోలిక అనేవారట. మీ ముత్తాత, అంటే లోలో తండ్రి, ఆ మాట చెవిన పడితే అవుననీ కాదనీ అనకుండా లేచి వంకాయ మొక్కల దగ్గరికి వెళ్ళిపోయేవాడట. ఎందుకు లేచిపోతున్నాడో ఎవరూ అడగలేదు.

మీ లోలా మాత్రం కాగితం చూడందే నమ్మే మనిషి కాదు. నర్సు కదా, రోగి చెప్పింది వింటుంది, చార్టు కూడా చూస్తుంది. ఆవిడ పుట్టిల్లు విగానే కాబట్టి సెలవుకి వెళ్ళినప్పుడల్లా చర్చి పుస్తకాలు తిరగేసేది. పారిష్ చర్చిల్లో మూడు రకాల పుస్తకాలుంటాయి: బాప్తిస్మాలకొకటి, పెళ్ళిళ్ళకొకటి, మట్టిచేసిన వాళ్ళకొకటి. సిరా గోధుమరంగుకి తిరిగిపోయి, అంచులు పురుగులు తినేసి, ఆ పాత స్పానిష్ చేతిరాత ఒక పట్టాన అర్థం కాదట. ఆ మాత్రం మిగలడమే అదృష్టం. 1945 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మనీలా కోసం జరిగిన యుద్ధంలో ఇంత్రామూరోస్ అనే పాతకోట నేలమట్టమై, అందులో ఉన్న చర్చిలూ కాగితాలూ ఎన్నో బూడిదయ్యాయి. దూరపు ఊళ్ళల్లోవి కొన్ని బతికాయి. అలాంటి పుస్తకాలు చాలావాటిని ఇక్కడ అమెరికాలో మార్మన్ చర్చి వాళ్ళు ఫిల్ములకెక్కించి పెట్టారు కాబట్టి, మిగతావి మీ లోలా ఇక్కడే కంప్యూటర్ ముందు కూర్చుని చూసింది.

అందులో దొరికింది వినండి. మీ ముత్తాతకి తండ్రి వైపు తాత ఒకాయన. 1840ల నాటి బాప్తిస్మం పుస్తకంలో ఆయన పేరు పక్కన దె లా క్రూజ్ అని ఉంది. పెళ్ళి పుస్తకం దగ్గరికి వచ్చేసరికి అదే మనిషి, అదే తల్లిదండ్రులు, అదే పేట. పక్కన ఉన్న ఇంటిపేరు మాత్రం ఇప్పుడు మీకున్నది. ఈ రెండు రాతల మధ్య ఏం జరిగిందంటే, ఒక ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది.

నార్సిసో క్లావెరియా అని, స్పెయిన్ ఏలుబడిలో అప్పటి ఫిలిప్పీన్స్ గవర్నర్ జనరల్. ఆయన వచ్చేనాటికి దీవుల్లో చాలామందికి స్థిరమైన ఇంటిపేరంటూ లేదు. బాప్తిస్మంలో పేరు పెట్టి, పక్కన దె లా క్రూజ్, దె లోస్ సాంతోస్ లాంటి భక్తి పేరొకటి తగిలించేవారు. ఒక ఊళ్ళో సగం మందికి అదే పేరు, ఒకే ఇంట్లో అన్నకొకటి తమ్ముడికొకటి. పన్ను ఎవరు కట్టారో, వెట్టికి ఎవరు రావాలో, ఎవరు ఎవరికి దాయాదో లెక్క తేలేది కాదు. అందుకని 1849 నవంబరు 21న క్లావెరియా ఒక ఉత్తర్వు వేశాడు. సుమారు 61,000 ఇంటిపేర్లు అక్షర క్రమంలో అచ్చువేయించి, జిల్లాలకి పేజీలు పంచాడు. జిల్లా అధికారి ఊళ్ళకి పంచాడు. ఊళ్ళో పాద్రీ, పేట పెద్దలు కూర్చుని ఒక్కో ఇంటి యజమానికి ఒక్కో పేరు రాశారు. నాలుగు తరాలుగా ఒకే పేరు వాడుతున్నామని చూపించిన వాళ్ళు మాత్రం పాత పేరు ఉంచుకోవచ్చు. ఆ జాబితాలో స్పెయిన్ పేర్లే కాదు, అక్కడి చెట్ల పేర్లూ ఊళ్ళ పేర్లూ కూడా ఉన్నాయి. కొన్ని ఊళ్ళకి ఒకే అక్షరమున్న పేజీలు వెళ్ళాయి. అల్బాయ్ ప్రాంతంలో ఓవాస్ అనే ఊళ్ళో నేటికీ పాత కుటుంబాల ఇంటిపేర్లు ఎక్కువగా ఆర్ అక్షరంతోనే మొదలవుతాయి.

ఈ క్లావెరియా ఇంకో పని కూడా చేశాడు. స్పెయిన్ వాళ్ళు అమెరికా మీదుగా వచ్చిన వాళ్ళు కావడంతో, వాళ్ళ పంచాంగం చుట్టుపక్కల దేశాల కన్నా ఒక రోజు వెనకబడి ఉండేది. దాన్ని సరిచేయడానికి 1844 డిసెంబరు 30 తరవాత నేరుగా 1845 జనవరి 1 వచ్చేలా చేశాడు. ఆ ఏడు ఫిలిప్పీన్స్‌లో డిసెంబరు 31 అనే రోజే లేదు. ఒక దేశపు తేదీనీ, ఆ దేశపు జనం ఇంటిపేర్లనీ ఒకే చేత్తో మార్చిన మనిషి ఆయన.

కాబట్టి మీ ఇంటిపేరు వెనక కెప్టెనూ లేడు, గుర్రమూ లేదు. జాబితాలో ఒక పేజీ ఉంది. ఆ పేరు తీసుకున్నాయన, విగాన్ ఉన్న ఇలోకోస్ నేల మీద వరి పండించుకున్న మనిషి, ఆయన తాత ముత్తాతలూ అంతే.

మరయితే మాలో స్పెయిన్ వాళ్ళు లేరా అంటారా? ఉన్నారు. మీ నాన్న ఉమ్మి డీఎన్‌ఏ పరీక్షకి పంపిస్తే అందులో కొద్దిపాటి వాటా వచ్చింది కదా. అయితే అది ఇంటిపేరు దారిన రాలేదు. అది చెప్పాలంటే ఓడల సంగతి చెప్పాలి.

1521లో స్పెయిన్ తరఫున మజెల్లాన్ ఆ దీవుల్లో దిగాడు. ఏప్రిల్ 27న మక్తాన్ ఒడ్డున లాపులాపు మనుషుల చేతిలో చచ్చిపోయాడు. మళ్ళీ 1565లో లెగాస్పి వచ్చి సెబూలో పాతుకున్నాడు, 1571లో మనీలా పట్టుకున్నాడు. ఆ 1565లోనే ఉర్దనేటా అనే సన్యాసి తూర్పుగా పసిఫిక్ దాటి మెక్సికో చేరే గాలివాటు దారి కనిపెట్టాడు. ఇక అక్కడి నుంచి 1815 దాకా, అంటే 250 ఏళ్ళు, మనీలా నుంచి అకాపుల్కోకి ఏటా గాలియన్ ఓడ నడిచింది. వెళ్ళేటప్పుడు చైనా పట్టు, పింగాణీ, మైనం, సుగంధ ద్రవ్యాలు. వచ్చేటప్పుడు వెండి, సిపాయిలు, పాద్రీలు. ఇటు రావడానికి మూడు నెలలు చాలేది, అటు వెళ్ళడానికి ఐదారు నెలలు పట్టేది. నీళ్ళు చాలక, చిగుళ్ళు వాచి దారిలో పోయిన వాళ్ళకి లెక్కలేదు.

ఇందులో ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఫిలిప్పీన్స్‌ని మాడ్రిడ్ నేరుగా ఏలలేదు, మెక్సికోలో కూర్చున్న రాజప్రతినిధి ద్వారా ఏలింది, 1821లో మెక్సికో స్వతంత్రమయ్యే దాకా. అందుకని స్పెయిన్ సిపాయిలని మనం చెప్పుకునే వాళ్ళల్లో చాలామంది మెక్సికోలో పుట్టిన మిశ్రమ జనం. మిరపకాయ, టొమాటో, మొక్కజొన్న, జామ, బొప్పాయి ఆ ఓడల్లోనే ఇటు వచ్చాయి. ఫిలిపినో నావికులు అటు వెళ్ళి, చాకిరీ భరించలేక అకాపుల్కోలో దిగి మళ్ళీ ఓడెక్కకుండా అక్కడే సంసారాలు పెట్టుకున్నారు. కొబ్బరిచెట్టు కల్లు గీయడం మెక్సికో వాళ్ళకి నేర్పింది వీళ్ళే. కొలీమా ప్రాంతంలో నేటికీ దాన్ని ట్యూబా అనే పేరుతోనే అమ్ముతారు. మన ఇంటి నుంచి కారెక్కితే పూట ప్రయాణంలో మోరో బే వస్తుంది చూడండి, అక్కడ 1587 అక్టోబరు 18న ఒక గాలియన్ నుంచి లూజోన్ దీవి మనుషులు ఒడ్డు దిగారు. ఈ కాలిఫోర్నియా నేల మీద మీ నాన్న జాతి అడుగు అంత పాతది.

మన వైపు నుంచి కూడా ఒక పాయ అక్కడ కలిసింది. 1762లో ఇంగ్లీషు వాళ్ళు మద్రాసు నుంచి ఓడలు కట్టుకుని వెళ్ళి మనీలా పట్టుకున్నారు. ఆ దండులో మద్రాసు సిపాయిలు కొన్ని వందల మంది. 1764లో ఇంగ్లీషు వాళ్ళు మనీలా వదిలేసి వెళ్ళినప్పుడు ఈ సిపాయిల్లో కొందరు ఓడెక్కలేదు. మనీలా పక్కన కయింటా అనే ఊళ్ళో అక్కడి అమ్మాయిల్ని చేసుకుని ఉండిపోయారు. ఆ సంతతి ఆ ఊళ్ళో ఇంకా ఉంది. మీ అమ్మా నాన్నా పెళ్ళి చేసుకుంటామన్నప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్ళు ఎక్కడి సంబంధం ఎక్కడికి అన్నారు. నాకు అప్పుడే ఈ సంగతి తెలిసుంటే గట్టిగా చెప్పి ఉండేదాన్ని.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తున్నాను.

ముత్తాత చివరి రోజుల్లో ఆయనకి సేవ చేసింది కోడలే, మీ లోలాయే. ఒక రాత్రి నిద్ర పట్టక ఆయన తన అమ్మమ్మ గురించి చెప్పాడట. ఆ అమ్మమ్మ 1850ల్లో విగాన్‌లో పుట్టింది. తెల్లటి మనిషి, పొడుగు ముక్కు. తండ్రి ఎవరో తెలియదు. ఊళ్ళో కొందరు ఒక సైన్యాధికారి అనేవారు, కొందరు ఒక పాద్రీ అనేవారు. తల్లి ఎవరి పేరూ చెప్పలేదు. చెబితే ఏం జరిగేదో ఆ కాలపు ఆడదానికి తెలుసు. ఊరి చర్చీ, పన్ను లెక్కా, బడీ, అన్నీ పాద్రీల చేతుల్లో ఉన్న రోజులవి. ఆయన ఆ మాట చెప్పి పోయాక, ఏళ్ళు గడిచి మీ లోలాకి బాప్తిస్మం పుస్తకంలో ఆ అమ్మమ్మ పుట్టుక కనిపించింది. తల్లి పేరు ఉంది. తండ్రి దగ్గర, తెలియదు అని రాసి ఉంది. దానికింద బాప్తిస్మం ఇచ్చిన పాద్రీ సంతకం. ముత్తాత చెప్పిన మాటా పుస్తకంలో రాతా కలిశాయి. కెప్టెన్ ముచ్చట వచ్చినప్పుడల్లా ఆయన లేచి వంకాయ మొక్కల దగ్గరికి ఎందుకు పోయేవాడో అప్పుడు తెలిసింది. పిల్లనీ తల్లినీ వదిలేసి పోయినవాడిని పండగపూట పొగుడుతుంటే ఆయన ఎలా కూర్చుంటాడు?

ఆ పిల్లని పెంచింది తల్లి మగ్గం. ఇలోకోస్ నూలు గుడ్డని ఆబెల్ అంటారు. మన పొందూరు, ఉప్పాడ వైపు ఇంటింటికీ మగ్గం ఉండేది చూడండి, అక్కడా ఆ రోజుల్లో అంతే. ఎంత గట్టి గుడ్డంటే గాలియన్ ఓడల తెరచాపలకి ఇలోకోస్ గుడ్డ వాడేవారు. ఆలోచించండర్రా, ఆ దొరల్ని తెచ్చిన ఓడలకి చాపలు నేసిందీ ఈ ఆడవాళ్ళే, వాళ్ళు వదిలి వెళ్ళిన పిల్లల్ని సాకిందీ ఈ ఆడవాళ్ళే. తల్లి కూతురికి నేర్పింది, కూతురు తన కూతురికి నేర్పింది. ఆ మూడో ఆవిడని చేసుకున్నది జాబితాలోంచి పేరు తీసుకున్న ఆ రైతు కొడుకు. వాళ్ళకి పుట్టిన వాడే మీ ముత్తాత, 1908లో.

అమ్మలూ, నువ్వు కప్పుకున్నది ముత్తాత అమ్మమ్మ నేసిన దుప్పటే. ఇలా వెలుగులోకి పట్టుకో. నలుపూ తెలుపూ గళ్ళే, కానీ మధ్యకి వచ్చేసరికి చిన్నవవుతూ, అంచుకి పెద్దవవుతూ, చూస్తుంటే సుడి తిరుగుతున్నట్టు లేదూ? దీన్ని బినకోల్ అంటారు. ఆ సుడి చూసి చెడు గాలులు దారితప్పి పోతాయని వాళ్ళ నమ్మకం. ఇదిగో ఈ మూల వేలు పెట్టి చూడు, దారం రెండు పోగులు కలిపి పేనింది. మనవడు ఊరు వదిలి పోతున్నాడని డెబ్బై దాటిన వయసులో మగ్గమెక్కి నేసింది.

ఊరెందుకు వదిలాడంటే, ఇలోకోస్ నేల అలాంటిది. ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం, మధ్యలో సన్నటి పట్టీ. ఉన్న కాస్త పొలం అన్నదమ్ములకి పంచుకుంటూ పోతే తరానికి ఒక మడి తగ్గింది. పైగా ఆ గడ్డ ఏనాడూ ఊరికే లేదు. చెరుకుతో ఇంట్లో కాచుకునే బాసి అనే సారాని ప్రభుత్వం తన గుప్పిట్లో పెట్టుకుంటే 1807లో తిరగబడ్డారు. 1782 నుంచి 1882 దాకా నూరేళ్ళు పొగాకు మీద ప్రభుత్వ గుత్త. తరవాత 1898లో స్పెయిన్ ఓడిపోయి, 2 కోట్ల డాలర్లు పుచ్చుకుని దీవుల్ని అమెరికా చేతిలో పెట్టింది. అప్పటికే మేం స్వతంత్రులమని జూన్ 12న చాటుకున్న జనం, అమెరికాతో మళ్ళీ యుద్ధం చేయాల్సి వచ్చింది. ఎంతమంది పోయారో! ఆ తరవాత 1901లో థామస్ అనే ఓడలో ఐదారు వందల మంది అమెరికా టీచర్లు దిగారు. బడుల్లో ఇంగ్లీషు వచ్చింది. వెనకాలే హవాయి చెరుకు తోటల ఏజెంట్లు వచ్చారు.

1906 డిసెంబరు 20న డోరిక్ అనే ఓడలో 15 మంది హొనొలులులో దిగారు. వాళ్ళది ఇలోకోస్ సూర్‌లో కాందోన్. అదే మొదలు. 1946 దాకా లక్ష దాటి వెళ్ళారు, ఎక్కువమంది ఇలోకానోలే. సకడాలు అంటారు వాళ్ళని. మీ ముత్తాత 1927లో వెళ్ళాడు, 19 ఏళ్ళ కుర్రాడు. కౌవాయి దీవిలో పని. మెడలో నంబరు కొట్టిన లోహపు బిళ్ళ వేసుకోవాలి. జీతం పుస్తకంలో పేరుండదు, ఆ నంబరే ఉంటుంది. చెరుకాకు ఒళ్ళు కోసేస్తుందని మండుటెండలో కూడా నిండు చేతుల చొక్కాలు. రోజుకి ఒక డాలరు. రెండు డాలర్లివ్వండి, ఎనిమిది గంటల పని పెట్టండి అని ఆయన వెళ్ళే మూడేళ్ళ ముందే సమ్మె చేశారు. 1924 సెప్టెంబరు 9న హనపేపేలో కాల్పులు జరిగి 16 మంది కూలీలు, నలుగురు పోలీసులు చచ్చిపోయారు. అదే దీవి. ఆ పేర్లు రాత్రిపూట గొంతు తగ్గించి చెప్పుకునేవారట.

ఒప్పందం తీరాక 1930లో ఇక్కడికి, స్టాక్టన్‌కి వచ్చాడు. ఆ జనవరిలోనే వాట్సన్‌విల్‌లో ఫిలిపినోల మీద దొమ్మీ జరిగి, ఫెర్మిన్ తోబేరా అనే కుర్రాడు తుపాకీ దెబ్బకి పోయాడు. అతనిదీ ఇలోకోస్ సూరే, సినాయిత్ ఊరు. ఈ స్టాక్టన్‌లోనే హోటలు తలుపు మీద ఫిలిపినోలకి ప్రవేశం లేదని బోర్డు పెట్టారు. ఎల్ డొరాడో వీధి దగ్గర లిటిల్ మనీలా అని వాళ్ళ పేట. అక్కడ మాత్రం తలెత్తుకుని తిరిగేవారు, ఆదివారం మంచి సూటు వేసుకుని. వారమంతా డెల్టా పొలాల్లో ఆస్పరాగస్ కోత. పొడుగాటి కత్తితో, రోజంతా నడుం వంచి, ఒక్కో కాడా నేలలోపల కోయాలి. ఆ నల్లటి మన్ను గాలికి లేచి ఒంటికి అంటుకుంటే దురద స్నానానికి కూడా పోదట. వసంతంలో ఆస్పరాగస్, వేసవిలో అలాస్కా వెళ్ళి చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పని, తరవాత డెలానో ద్రాక్ష. అలా పంట వెంట పడి తిరగడమే.

పెళ్ళంటే, ఆ రోజుల్లో ఇక్కడ పదిమందికి పైగా ఫిలిపినో మగవాళ్ళుంటే ఒక ఆడమనిషి. తెల్లవాళ్ళని చేసుకోకూడదని 1933లో కాలిఫోర్నియా చట్టంలో వీళ్ళనీ చేర్చారు. 1948లో కోర్టు కొట్టేసేదాకా అదే చట్టం. 1934లో ఇంకో చట్టం వచ్చి, ఏడాదికి 50 మందికి మించి రాకూడదంది. అప్పటిదాకా అమెరికా జెండా కింద మనుషులు, రాత్రికి రాత్రి పరాయివాళ్ళయ్యారు. అంత మంచి వయసూ ఒంటరిగా గడిచింది. అలా ఒంటరిగానే ముసలివాళ్ళయి పోయిన వాళ్ళు వేలమంది. మనోంగ్‌లు అంటారు వాళ్ళని, అన్నయ్యలని. మీ నాన్నకి ఇల్లు నిండా మనోంగ్ తాతలుండేవారట. ఏ చుట్టరికమూ లేదు, ముత్తాతతో పొలంలో పనిచేసిన వాళ్ళు. మీ ముత్తవ్వ వాళ్ళందరికీ వండి పెట్టేది.

ఆ ముత్తవ్వ ఎలా వచ్చిందంటే, యుద్ధం తెచ్చింది. 1942లో కాలిఫోర్నియాలో ఫిలిపినోలతో ప్రత్యేకంగా దళం కడితే ముత్తాత చేరాడు. యూనిఫాంలో ఉండగానే పౌరసత్వం ఇచ్చారు. 1945లో లేతే దీవిలో దిగి, యుద్ధం ముగిశాక సెలవు మీద ఊరికి వెళ్ళాడు. 18 ఏళ్ళ తరవాత! అమ్మమ్మా లేదు, అమ్మా లేదు. పక్క పేటలో నేతపని వాళ్ళ అమ్మాయిని చేసుకున్నాడు. సైనికుల భార్యలకి దారిచ్చిన చట్టం పుణ్యాన ఆవిడ 1947లో ఓడ దిగింది. 1948లో మీ లోలో పుట్టాడు. ఈ దుప్పటి యుద్ధమంతా లిటిల్ మనీలాలో ఒక స్నేహితుడి ట్రంకుపెట్టెలో ఉంది.

ఇక్కడ మీ రెండు వైపులకీ సంబంధించిన సంగతొకటుంది. 1946 జులై 2న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. ఏడాదికి 100 మంది ఫిలిపినోలు, 100 మంది ఇండియా వాళ్ళు రావచ్చు, పౌరులు కావచ్చు అని. ఫిలిపినోలకీ మనకీ తలుపు తెరిచింది ఒకే కాగితం. మీ అమ్మానాన్నా కలవడానికి ఎన్నో ఏళ్ళ ముందే మీ రెండు జాతుల పేర్లూ పక్కపక్కన పడ్డాయన్నమాట.

1965 సెప్టెంబరు 8న డెలానో ద్రాక్షతోటల్లో ముసలి మనోంగ్‌లు పని ఆపేశారు. నాయకుడు లారీ ఇట్లియాంగ్, మన స్టాక్టన్ మనిషే. ముత్తాతకి అప్పుడు 57 ఏళ్ళు. ఆయనా బయటికొచ్చాడు. ఎనిమిది రోజులకి సెసార్ చావెజ్ వెంట ఉన్న మెక్సికన్ కూలీలు కూడా వచ్చి కలిశారు. ఐదేళ్ళు పట్టుబట్టి, 1970లో ఒప్పందాల మీద యజమానుల సంతకాలు తీసుకున్నారు. గాలియన్ ఓడ ఆగింది 1815లో. 250 ఏళ్ళు ఒకే దొరకి చాకిరీ చేసిన రెండు జాతులు, ఇంకో 150 ఏళ్ళకి కూలి కోసం ఒక వరసలో నిలబడ్డాయి. మీ లోలా ఈ మాట చెప్పేటప్పుడు గొంతు మారుతుంది.

సమ్మె మొదలైన ఆ 1965లోనే, అక్టోబరులో కొత్త వలస చట్టం వచ్చింది. పుట్టిన దేశాన్ని బట్టి కొందరికి తలుపు మూసే పాత లెక్క పోయి, చదువుకీ పనికీ విలువ వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో నర్సు చదువు అమెరికా పద్ధతిలో, ఇంగ్లీషులో ఉండేది కాబట్టి అక్కడి అమ్మాయిలు వేలమంది వచ్చారు. మీ లోలా అలా 1971లో వచ్చింది. మన డాక్టర్లూ ఇంజనీర్లూ వచ్చిందీ ఆ దారినే. అప్పటికే లిటిల్ మనీలాని చాలావరకు కూల్చి, ఫ్రీవే వేస్తున్నారు. ఇవాళ మీరు బడికి వెళ్ళే దారి కింద మీ ముత్తాత క్షవరం చేయించుకున్న వీధి ఉంది.

ఇదీ పిల్లలూ మీ నాన్న వైపు. ఇంటిపేరు గవర్నర్ ఇచ్చాడు. నంబరు తోట యజమాని ఇచ్చాడు. అన్నం, గుడ్డ, ధైర్యం ఆడవాళ్ళు ఇచ్చారు. ఆ ఆడవాళ్ళని వెతకడం అంత తేలిక కాదు. అయితే ఫిలిపినోలకి ఒక మంచి అలవాటుంది: మామూలుగా మనిషి పేరు మధ్యలో తల్లి పుట్టింటిపేరు ఉంటుంది. దాన్ని పట్టుకునే మీ లోలా ఒక తరం నుంచి వెనకటి తరానికి నడిచింది. మనకి ఆ అలవాటు లేదు. మా నాయనమ్మ పుట్టింటిపేరు నాకు తెలియడానికి నేను ఆరుగురు ముసలివాళ్ళని అడగాల్సి వచ్చింది.

అందుకని రేపు పొద్దున్న మీకో పని. లోలా నోటుపుస్తకంలో మీ ఇద్దరి పేజీ ఖాళీగా ఉంది. మొదటి వరసలో మీ అమ్మ పేరూ, పుట్టింటిపేరూ రాయండి. కింద నాదీ, మా అమ్మదీ, మా అమ్మమ్మదీ. ఎదురుగా లోలాదీ, ముత్తవ్వదీ, మగ్గం నేసిన ముగ్గురివీ. మగవాళ్ళ పేర్లు తరవాత రాయండి, అవి ఎలాగూ ప్రతి కాగితంలో ఉన్నాయి. మన వైపువి తెలుగు అక్షరాల్లో రాయమంది లోలా, పలకడం తను నేర్చుకుంటుందట. వేసవిలో అందరం విగాన్ వెళుతున్నాం. నోరెత్తకుండా పిల్లని పెంచిన ఆ తల్లి బాప్తిస్మం రాత ఇంకా దొరకలేదు. 1830ల నాటి పుస్తకాలు రెండున్నాయి, చిన్న అక్షరాలు. నాకూ లోలాకీ కళ్ళు ఆనవు, మీరే చదవాలి.